కింది మూడు వరసలు

తెర వెలిగింది గాని అది నిన్నటి తెర కాదు. అక్షరాలు ఉబ్బి, అంచులు చెదిరి, ఎవరో తడిగుడ్డతో తుడిచినట్టున్నాయి. అచ్చులున్నాయి, కవర్గం ఉంది, చవర్గం, టవర్గం, తవర్గం ఉన్నాయి, పవర్గం దగ్గరికి వచ్చేసరికి తెర అయిపోయింది. దాని కింద ఉండాల్సిన య ర ల వ లేవు, శ ష స హ లేవు, అన్నిటికంటే అడుగున ఉండే ‘పలుకు’, ‘తుడుపు’ గళ్ళు లేవు. నందిత గోడ గడియారం వైపు చూసింది. పది దాటి ఆరు నిమిషాలు. డాక్టరు వీడియోలోకి వచ్చేది పదకొండింటికి. యాభై నాలుగు నిమిషాలు, చాలు, అనుకుంది. అలా అనుకునే హక్కు ఆమెకుంది. షోళింగనల్లూరు ఆఫీసులో లినక్స్ అనే వ్యవస్థతో నడిచే రెండు వందల పది కంప్యూటర్లు ఆమె చేతి కింద ఉన్నాయి, వాటిలో రోజుకొకటైనా మొరాయిస్తుంది, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి స్క్రీన్ పోయింది మేడమ్ అంటారు, స్క్రీన్ ఎక్కడికీ పోలేదు, మిషనుకి దాంతో ఎలా మాట్లాడాలో గుర్తు లేదు, గుర్తు చేద్దాం, కూర్చోండి అంటుంది తను. ఆ మాట వందసార్లు అని ఉంటుంది. కాని ఆ రెండు వందల పదింటిలో ఒక్కటి కూడా ఒక మనిషి నోరు కాదు. ఇది అత్త నోరు.

అత్త, నాయనకు చెల్లెలు, అలివేలుమంగ, కిటికీ పక్కన వీపు ఎత్తిపెట్టిన మంచంలో ముక్కు మీద గాలి మాస్కుతో పడుకుని తెరనే చూస్తోంది. నరాల జబ్బు మూడేళ్ళలో కాళ్ళు తీసుకుంది, చేతులు తీసుకుంది, పోయిన ఉగాదికి నాలుక కూడా తీసుకుంది, చూపునూ బుద్ధినీ ముట్టుకోలేదు, కుడి బొటనవేలిలో ఒక్క కదలిక మిగిల్చింది. ఆ వేలి కింద ఒక మీట ఉంది. తెర మీద పసుపు రంగు చట్రం ఒకటి వరస తరువాత వరసగా దిగుతూ ఉంటుంది, కావలసిన వరస మీదికి రాగానే అత్త నొక్కుతుంది, అప్పుడది ఆ వరసలో అక్షరం తరువాత అక్షరంగా నడుస్తుంది, మళ్ళీ నొక్కుతుంది. అలా ఒక్కొక్క అక్షరం పేర్చి, చివరికి ‘పలుకు’ నొక్కితే మిషను ఆ వాక్యాన్ని చదువుతుంది. ఈ పలకను నందితే రాసింది, ఎనిమిది ఆదివారాలు పట్టింది. మొదట్లో రెండక్షరాలు పడగానే మిగతా మాటను ఊహించి చూపించే సదుపాయం కూడా పెట్టింది, ఎంత సమయం కలిసొస్తుందో అని మురిసిపోయింది. అత్త రెండు రోజులు వాడి, మూడో రోజున ఇరవై నిమిషాలు కష్టపడి ఒక వాక్యం రాసింది. ‘దీన్ని తీసెయ్యి, ఇది కూడా మా అన్న మాదిరే ఉంది.’ మిషను ఆ మాటను పైకి చదివినప్పుడు గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడిన నాయన కూడా నవ్వాడు. ఆయనకు అర్థం కాలేదని నందితకు అప్పుడే తెలుసు.

ఏమీ కంగారు లేదు, మొదట కేబుల్. ఎప్పుడూ మొదట కేబులే, ఒక్కోసారి ఒక్కటే మార్చు, ఏం మార్చావో కాగితం మీద రాసుకో, కొత్తగా చేరినవాళ్ళకు తను చెప్పే పాఠం ఇదే, అందుకని తనూ క్యాలెండరు వెనక ‘కేబుల్’ అని రాసి, పీకి మళ్ళీ పెట్టింది. మార్పు లేదు. తొమ్మిది నలభైకి వానకు చింతాద్రిపేటలో కరెంటు పోయింది, కంప్యూటరుకు ఉన్న పాత యూపీయస్ పది నిమిషాలు కీచుమని చచ్చిపోయింది, అత్త మాస్కు మిషనుకు వేరే బ్యాటరీ ఉంది గనక దానికి భయం లేదు, ఇప్పుడే కరెంటొచ్చింది, కంప్యూటరు మళ్ళీ లేచింది, లేచేటప్పుడు ఏదో మరిచిపోయింది. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, తెరకు ఎన్ని కొలతలు తెలుసని అడిగింది. ఒక్కటే చెప్పింది, వెయ్యి ఇరవై నాలుగు బై ఏడు వందల అరవై ఎనిమిది. నిన్న ఇది పంతొమ్మిది వందల ఇరవై బై వెయ్యి ఎనభై. పలకను ఆ పెద్ద కొలతకు సరిపోయేలా గీసింది తను, అందుకే కింది మూడు వరసలూ తెర దాటి చీకట్లోకి పోయాయి.

“పాప్పా, అమ్మ కన్ను ఆర్పడంలేదు. నిన్నే చూస్తా ఉంది” అంది లూర్దుమేరి. రెండేళ్ళుగా అత్తను చూసుకుంటున్న మనిషి, ఈ ఇంటికొచ్చాక తెలుగు నేర్చుకుంది.

“అయిపోతుందని చెప్పు లూర్దూ.”

“నేను చెప్తే వినదు. నువ్వే చెప్పు.”

నందిత వెనక్కి తిరిగి, “అయిపోతుంది అత్తా” అంది. అత్త రెప్ప ఒకసారి వాల్చింది. అంటే అవును, సరే. అవుననడానికీ కాదనడానికీ ఆమెకు రెప్పలు చాలు, ఏ పలకా అక్కర్లేదు, అయితే ఇవాళ చెప్పాల్సింది అవునూ కాదూ కాదని ఆమె నాలుగు రోజుల క్రితమే రాసింది. ‘డాక్టరుతో నేనే మాట్లాడాలి. నడుమ ఎవరూ వద్దు.’ ఏం మాట్లాడతావు అత్తా అని నందిత అడగలేదు. అడగకుండా ఉండటం ఆమెకు అత్త దగ్గరే అబ్బింది.

పదేళ్ళదాకా నందితకు నత్తి. పవర్గం వస్తే చాలు, పెదవులు అతుక్కుపోయేవి, ప ప ప అంటూ మెడ నరాలు లేచేవి, ఇంటికొచ్చినవాళ్ళు జాలిగా మొహం పెట్టేవాళ్ళు, నాయన మాత్రం జాలిపడేవాడు కాదు, ప్రేమగా, చురుగ్గా, పప్పా తల్లీ, పలకా, పండా, అంటూ తనే మాటను అందించేసేవాడు. హైకోర్టు లాయరు దగ్గర ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసిన మనిషి, కక్షిదారు సగం చెప్పగానే మిగతా సగం పిటిషనులో రాసేయగలిగినవాడు, ఆ నేర్పు ఇంట్లో కూడా వదిలేవాడు కాదు. తను కోరింది పండు కాకపోయినా పండు తినేసేది, మాట బాధ తప్పినందుకు. అత్త వాషర్‌మెన్‌పేట్ బడిలో తెలుగు చెప్పి సాయంత్రం బస్సు దిగి వచ్చేది, చీర కుచ్చెళ్ళకు సుద్ద అంటుకుని ఉండేది, ఒకరోజు అలా వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, ఏమీ అనకుండా, నాయన మొహానికి అడ్డంగా అరచెయ్యి పెట్టింది. పోలీసు బండిని ఆపినట్టు. నాయన ఆగిపోయాడు. అత్త నందిత వైపు చూస్తూ నిలబడింది, సాయం చేసే చూపు కాదు, తొందరపెట్టే చూపు కాదు, బస్సు కోసం చూసేవాళ్ళు నిలబడినట్టు తాపీగా, వస్తుంది, ఎందుకు రాదు అన్నట్టు. ఎంతసేపో. వంటింట్లో కుక్కరు మూడు కూతలు వేసింది. చివరికి నందిత అంది, “ప...పక్కింటి పిల్లి ఈనింది.” ఎవరు ఊహించగలరు ఆ మాట. అత్త చెయ్యి దించి, “ఎన్ని పిల్లలు?” అని అడిగింది.

ఇప్పుడు తనకు నత్తి లేదు, మీటింగుల్లో గంటసేపు మాట్లాడుతుంది. పలకను కుదిస్తే సరి. కొలతలు తనే రాసింది గనక తనే మార్చగలదు, ఫైలు తెరిచింది, ఇంతలో పక్కన మీట టక్కుమంది. మళ్ళీ టక్కుమంది. తలెత్తి చూస్తే తెర మీద పై గీతలో ‘వ’ అని ఉంది. వ ఎక్కడుంది, తెర మీద లేదు కదా, చట్రం పవర్గం దాటి కనబడని చోటికి దిగిపోతోంది, అక్కడ, ఆ లేని చోట, అత్త నొక్కుతోంది. లెక్కబెట్టుకుంటోంది. ఒకటి ఆగి, రెండు ఆగి, గడి దూరాన్ని మనసులో కొలుచుకుంటోంది. ర పడింది. తప్పొకటి పడింది, కనబడని తుడుపు గడిని వెతుక్కుని దాన్ని తుడిచింది. నందిత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి, నిమిషాలు పోతున్నాయని తెలుసు, పోనీ అనుకుంది, ఆ వాక్యం పూర్తయ్యేదాకా కదలకూడదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయిదు నిమిషాలకు పై గీతలో రెండు మాటలు నిలిచాయి.

వరస తెలుసు.

ముప్పై నాలుగేళ్ళు అదే వరస పిల్లల చేత వల్లె వేయించిన మనిషికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. నందితకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, అత్త మాస్కు వెనక నవ్విందో లేదో తెలియదు గాని కనుకొలకులు ముడతపడ్డాయి. తరవాత ఆమె బొటనవేలు మీట మీద వణికింది. రెండు మాటలకు అయిదు నిమిషాలు. ఆ వేలికి రోజుకు ఇంత అని బలం ఉంటుంది, అందులో కొంత ఇప్పుడే ఖర్చయింది, డాక్టరు ఇచ్చింది ఇరవై నిమిషాలు. లేదు, ఆమెను చీకట్లో నడిపించకూడదు.

కొలతలు మార్చింది. పది ఇరవై రెండు. పలక మొత్తం తెరలోకి వచ్చింది, అన్ని వరసలూ ఉన్నాయి, అక్షరాలు మసకగా ఉన్నా పలకను గుర్తుపట్టవచ్చు. హమ్మయ్య అనబోయి, అనకముందే పరీక్ష చేసింది, కంప్యూటరును తన ఫోను నెట్ మీద పెట్టి, ఆ ఫోను నుంచే దానికి వీడియో కాల్ చేసింది. తన మొహం తెర మూలన కనబడగానే పసుపు చట్రం తడబడింది, ఒక గడిలో ఆగిపోయి, ఉన్నట్టుండి రెండు గళ్ళు దూకింది. ‘త’ నొక్కితే ‘ద’ పడింది. తెరకు బొమ్మ గీసే కార్డు పని చెయ్యడం లేదు, మొత్తం పని మామూలు ప్రాసెసరే మోస్తోంది, వీడియో కూడా నెత్తిన పడేసరికి దానికి ఊపిరాడటం లేదు. కాబట్టి సమస్య కొలతది కాదు, డ్రైవరుది. కార్డునీ తెరనీ కలిపే ఆ చిన్న ప్రోగ్రాము లేవలేదు. సరే, కనీసం ఎక్కడ వెతకాలో తెలిసింది. కాగితం మీద ‘డ్రైవరు’ అని రాసి చుట్టూ గీత గీసింది. డాక్టరు ముందు ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాకూడదు.

వారం క్రితం అత్తను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు నందిత లేదు, ఆఫీసులో సర్వర్లు మారుస్తున్నారు, నాయన వెళ్ళాడు. అక్కడికి కంప్యూటరు మోసుకెళ్ళలేరు గనక అట్ట ముక్క మీద అక్షరాలు రాసి ఇచ్చింది, ఒకరు ఒక్కొక్క అక్షరం చదివితే అత్త కావలసినదానికి రెప్ప వాలుస్తుంది. డాక్టరు శ్రీనివాసరావు విషయం చెప్పాడు. ఊపిరి కండరాలు తగ్గిపోతున్నాయి, మాస్కు ఇంక ఎన్నో రోజులు చాలదు, గొంతుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి శ్వాస మిషనుకు కలపవచ్చు, ఇష్టమైతే ముందుగానే చేసుకోవాలి, ఇష్టం లేకపోతే అదీ చెప్పాలి, ఆమె మాటే ఆఖరు అన్నాడు. నాయన అట్ట పట్టుకుని చదివాడు. అత్త వ దగ్గర రెప్ప వాల్చింది. ద దగ్గర, మళ్ళీ ద దగ్గర. నాయన అట్ట దించేశాడు. “వద్దంటా ఉంది డాక్టర్” అన్నాడట. ఫైలులో అదే ఎక్కింది. ఇంటికొచ్చాక అత్త రెండు రోజులు ఏమీ రాయలేదు, మీటను ముట్టుకోలేదు, అందరూ అది దిగులనుకున్నారు. నందిత కూడా అదే అనుకుంది. తరువాత డాక్టరుతో నేనే మాట్లాడాలి అన్న ఆ వాక్యం వచ్చింది. ఈలోగా ఏ రోజైనా ఊపిరి అందక ఆసుపత్రికి పరుగెత్తితే అక్కడివాళ్ళు ఫైలు తీసి చూస్తారు, వద్దు అని ఉంటుంది, చేతులు కట్టుకుని నిలబడతారు. వద్దన్నది నిజమే అయితే సరే. నిజమేనా.

డ్రైవరు ఉంది, చెడిపోలేదు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఒకటుంటుంది, డ్రైవరు దానికి అతికినట్టు తయారై ఉండాలి, నాలుగు రోజుల క్రితం కొత్త కెర్నెల్ దానంతటదే దిగి ఊరికే కూర్చుంది, ఇవాళ కరెంటు పోయి మిషను మళ్ళీ లేచేసరికి ఆ కొత్తదానితో లేచింది, డ్రైవరు పాతదానికే అతికి ఉండిపోయింది. దానంతటదే దిగేలా అనుమతి ఇచ్చి పెట్టింది ఎవరు. తనే. ఆఫీసులో ఎవరైనా ఇలా చేస్తే ఊరుకునేదా. తప్పు నాదే, సరే, తరువాత తిట్టుకుందాం. ఇంటి ఇంటర్నెట్ డబ్బాలో ఇంకా ఎర్ర దీపమే, ఫోను నెట్ మీదే కొత్త కెర్నెల్‌కు డ్రైవరును మళ్ళీ అతికించడానికి కావలసిన ఫైళ్ళు దింపింది. పది ముప్పై మూడు. ఆజ్ఞ ఇచ్చింది. అక్షరాలు జారుతూ పోతున్నాయి.

నాయన లోపలికొచ్చాడు, చేతిలో ఆ అట్ట ఉంది.

“ఏమ్మా, ఇంకా కాలేదా?”

“అవుతా ఉంది నాయనా.”

“కాకుంటే పరవాలేదు లే. ఈడ నేను ఉండాను కదా. ఇది పెట్టుకోని నేను చదువుతా, అది రెప్ప వాలిస్తే చాలు. అక్షరం అక్షరం ఎందుకు, అది అనుకొనేది నాకు తెలవదా?”

నందిత జవాబు చెప్పబోయి తెర వైపు చూసింది. జారుతున్న అక్షరాలు ఆగిపోయాయి. చివర ఎర్రగా నాలుగు పంక్తులు, సారాంశం ఒకటే, ఈ పాత డ్రైవరు ఈ కొత్త కెర్నెల్‌కు అతకదు. కార్డుకు ఎనిమిదేళ్ళు, దీనికి ఇంక కొత్త డ్రైవరు రాదు. ఆ ఒక్క క్షణంలో అట్ట, నాయన, సగంలో ఆగిన మాట అన్నీ ఒకేసారి కనబడ్డాయి. మంచంలో అత్త కళ్ళు నాయన చేతిలోని అట్ట మీదే ఉన్నాయి. ఆమె రెండు రెప్పలూ గట్టిగా మూసి తెరిచింది, రెండుసార్లు. కాదు.

“చూడు, కాదంటా ఉంది” అంది నందిత.

“నా మీద కోపం దానికి.” నాయన మంచం కొస మీద కూర్చున్నాడు. వాన మళ్ళీ పట్టుకుంది, కిటికీలోంచి కూవం నది వాసన వస్తోంది, ఆయన ఆ వైపే చూస్తూ, “దానికి నొప్పి వద్దనుకున్నా మా. గొంతు కోసేది నేను ఎట్టా చూస్తాను? అది వద్ద అనింది, నాకు సాలు అనిపించింది. నా మనసులో ఉండేదే అది చెప్తా ఉందనుకున్నా” అన్నాడు.

“అత్త మాట అయిపోయిందా నాయనా ఆడ?”

ఆయన చేతిలోని అట్టను అటూ ఇటూ తిప్పాడు. “తెలవదు” అన్నాడు. “నేను అట్ట దించేసినా కదా.”

మిషను ముందు కూర్చుని వినకూడని మాట అది. అయినా వింది, మనసులో ఎక్కడో పెట్టుకుంది, తిరిగి తెర వైపు వచ్చేసింది, ఎందుకంటే చెయ్యాల్సింది ఇప్పుడు తెలిసిపోయింది. కొత్తదానికి డ్రైవరు అతకదు, కాబట్టి కొత్తదాన్ని వదిలెయ్యి, పాత కెర్నెల్‌తో లేపు. పాతది ఇంకా ఉందా. వెతికింది, ఉంది, ఒకే ఒకటి, కొత్తది వచ్చినా వెనకటిది ఒకటి ఉంచుతుంది ఈ మిషను, దాన్ని తయారు చేసినవాళ్ళెవరో తొందర మనుషులు కారు. దాన్ని ఎంచుకోవాలంటే మిషన్ని ఆపి మళ్ళీ లేపాలి. యూపీయస్ ఇంకా ఖాళీ, బయట వాన, మధ్యలో కరెంటు పోతే ఈ మసక పలక కూడా ఉండదు. పది నలభై ఒకటి. నందిత లేచి మంచం దగ్గరికి వెళ్ళి వంగి చెప్పింది. “అత్తా, ఆపి మళ్ళీ లేపాల. అయిదు నిమిషాలు నీకు ఏమీ ఉండదు. ఆపనా?”

అత్త ఒకసారి రెప్ప వాల్చింది. వెంటనే. తన కంటే ధైర్యం ఈ మంచంలోనే ఉంది.

తెర నల్లబడింది. షిఫ్ట్ మీట అదిమిపట్టుకోవాలి, ఏ కెర్నెల్ కావాలో అడిగే జాబితా మామూలుగా కనబడకుండా పరుగెత్తిపోతుంది, సరిగ్గా సమయానికి పట్టుకోవాలి, మొదటిసారి జారిపోయింది, ఆమె పళ్ళు కొరికి మళ్ళీ ఆపి మళ్ళీ లేపింది, ఈసారి వేలు తీయలేదు, ఊదా రంగు మీద తెల్లటి జాబితా వచ్చింది, రెండో గీత, అందులో పాత నంబరు, ఎంటర్. నలుపు. నలుపు అలాగే ఉంది. ఆఫీసులో ఈ నలుపు ఎన్నిసార్లు చూసింది, ఎన్ని సెకన్లు ఉంటుందో ఆమెకు తెలుసు, తెలిసినా ఇవాళ అది వేరే నలుపు, లూర్దుమేరి ఏదో జపిస్తోంది, నాయన అట్టను గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు, అత్త అరచెయ్యి పోలీసులా గాలిలో లేచిన ఆ సాయంత్రం నందితకు గుర్తొచ్చింది, వస్తుంది, ఎందుకు రాదు, చూస్తూ నిలబడాలి, అంతే. తెర ఒకసారి రెపరెపలాడింది. సన్నటి, పదునైన అక్షరాలు. పంతొమ్మిది వందల ఇరవై బై వెయ్యి ఎనభై. పలక కొలతలు తిరిగి మామూలుకు మార్చి తెరిచింది, అ నుంచి హ దాకా అన్నీ, అడుగున ‘పలుకు’, ‘తుడుపు’. పసుపు చట్రం నీళ్ళ మీద పడవలా దిగింది. ఫోనుతో మళ్ళీ కాల్ చేసి చూసింది, తడబాటు లేదు. పది యాభై రెండు. కొత్త కెర్నెల్ మళ్ళీ తలదూర్చకుండా గొళ్ళెం పెట్టి, కాగితం మీద అది కూడా రాసి, నిటారుగా కూర్చుంది. చెయ్యగలిగింది తను. చెయ్యగలదని ముందే తెలుసు.

పదకొండుకు రెండు నిమిషాలు దాటాక డాక్టరు శ్రీనివాసరావు మొహం తెర మూలన కనబడింది. ఒంగోలు వైపు మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, “నమస్కారమండీ అలివేలుమంగ గారూ. మీరు మాట్లాడాలన్నారని చెప్పారు. నేను వింటన్నాను, తొందరేం లేదు” అన్నాడు.

నందిత పక్కకు జరిగింది. మీట టక్కుమంది. వ పడింది. తరువాత ద, దాని కింద మరో ద. తెర మీద ‘వద్ద’ అని నిలిచింది. గది మొత్తం ఆ మాట దగ్గర ఆగింది. నాయన నోరు తెరుచుకుంది, అలవాటు అది, ఎప్పటి అలవాటో, డాక్టరు కూడా తల కొద్దిగా వంచి అర్థమైందన్నట్టు కళ్ళద్దాలు దించుకోబోయాడు, అయితే వద్దనే అన్నమాట, వద్దే అన్నమాట, అత్తా, అని నందిత లోపల ఎవరో కూలబడ్డారు, మాట పూర్తి కాకముందే తను కూడా పూర్తి చేసేసుకుంటోందని అప్పుడు తెలిసింది, సిగ్గేసింది, ఊరుకో అని తనకు తనే చెప్పుకుంది. చట్రం దిగుతోంది, దిగి మళ్ళీ పైకెళ్ళి మళ్ళీ దిగుతోంది, అత్త వేలు సేద తీర్చుకుంటోంది. అప్పుడు నాయన తెరిచిన నోటి మీద తన అరచేతిని తనే పెట్టుకున్నాడు. న పడింది. ఏ పడింది, ‘వద్దనే’ అయింది. టక్. టక్. ‘వద్దనేదా’. టక్. లూర్దుమేరి అత్త నుదుటి చెమట తుడిచింది. మాట తరువాత మాట, ఏడు నిమిషాలు పట్టింది, ఎవరూ కదల్లేదు. చట్రం అడుగు వరసకు దిగింది, అత్త నొక్కింది, మిషను చదివింది.

“వద్దనేదాకా పెట్టండి. వద్దనేది నేనే.”

డాక్టరు కళ్ళద్దాలు దించుకుని పెన్ను తీశాడు. “అర్థమైందండీ. ఫైల్లో తప్పు పడింది, ఇప్పుడే మారుస్తన్నాను, మీరు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తాను. వచ్చే సోమవారం గొట్టం పెడదాం, మీరు వద్దనేదాకా ఉంచుదాం. ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. రేపెప్పుడైనా ఈ వేలు కూడా ఆగిపోతే, మీ మాట మాకు ఎట్టా తెలవాలి?”

అత్త కళ్ళు తెర మీది నుంచి కదిలి నాయన మీద ఆగాయి, అక్కడి నుంచి నందిత మీదికి వచ్చాయి, తిరిగి తెర మీదికి పోయాయి. వేలు బాగా అలిసింది, రెండు తప్పులు పడ్డాయి, రెండింటినీ ఓపిగ్గా తుడిచింది. కళ్ళున్నాయి కదా అని చెప్పడానికి నందిత నాలుక మీదికి మాట వచ్చింది, మింగింది. మిషను చదివింది.

“అడగండి. అడిగి ఆగండి.”

డాక్టరు వెళ్ళిపోయాక లూర్దుమేరి ఏడుస్తూ వంటింట్లోకి పోయింది. అప్పుడు నాయన ఆ అట్టను బల్ల మీద పెట్టి, కుర్చీ ఈడ్చుకొచ్చి మంచం పక్కన, తెర తనకూ కనబడే చోట వేసుకుని కూర్చున్నాడు. చొక్కా కొసతో మొహం తుడుచుకున్నాడు. “మంగా, ఆ పొద్దు నేను అట్ట దించేసినాక ఇంటికొచ్చి రెండు నాళ్ళు నువ్వేమీ రాయలా. అప్పుడు నన్ను ఏమి అనుకున్నావు మా? తిట్టినా పరవాలేదు, చెప్పు” అన్నాడు. అత్త బొటనవేలు కదిలింది. మొదటి అక్షరం పడింది, న. నానా మాటలు న తో మొదలవుతాయి. నాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పెదవులు బిగించి, పసుపు చట్రం వరస వరసా దిగడం చూస్తూ కూర్చున్నాడు.